రక్షణ సిద్ధాంతంలో దేవుని ఏర్పాటు, మనిషి స్వేచ్ఛ: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

మనిషి రక్షణ పొందడంలో దేవుని సంకల్పం ఎంత, మనిషి ఇష్టం ఎంత అన్నది క్రైస్తవ వేదాంతంలో బహు పాత చర్చ. సృష్టికి ముందే దేవుడు కొందరిని రక్షణ కోసం ఎన్నుకున్నాడనే బోధను తెలుగు క్రైస్తవులు ‘దేవుని ఏర్పాటు’ అంటారు. సువార్త విన్న మనిషికి దాన్ని స్వీకరించడానికి గానీ తోసిపుచ్చడానికి గానీ ఉన్న శక్తిని ‘స్వేచ్ఛా చిత్తం’ అంటారు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందన్న ప్రశ్న మీద ఐరోపాలో మహాసభలు జరిగాయి, సంఘాలు చీలాయి, బోధకులు పదవులు పోగొట్టుకున్నారు.

ఈ చర్చలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి (2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాతో కలిపి) ఒక ప్రత్యేకత ఉంది. 1805 తర్వాత ఎనభై ఏళ్లలోపే కాల్విన్ సంప్రదాయంవారు, వారితో విభేదించిన బాప్టిస్టులు, కతోలికులు, లూథరన్లు వేర్వేరు దారుల్లో ఇక్కడికి చేరారు. పడమటి దేశాల్లో ఒకరితో ఒకరు వాదించుకున్న పక్షాలన్నీ నాగావళి, వంశధార పరీవాహకంలో ఇరుగుపొరుగులయ్యాయి. ఇక్కడి విశ్వాసులు తమ జవాబును సిద్ధాంత గ్రంథాల్లో కంటే కీర్తనల్లో, సాక్ష్యాల్లో, బాప్తిస్మ పద్ధతుల్లో చెప్పుకున్నారు.

లేఖనాధారాలు

బైబిల్లో రెండు ధోరణులూ బలంగా ఉన్నాయి. రోమీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయంలో పౌలు కుమ్మరిని, మట్టిని చూపించి, దేవుని ఎన్నికను నిలదీసే హక్కు మనిషికి లేదంటాడు. ఎఫెసీయుల పత్రిక మొదటి అధ్యాయం ఈ ఎన్నిక లోకం పుట్టక ముందే జరిగిందంటుంది. తండ్రి ఆకర్షిస్తే తప్ప ఎవరూ తన దగ్గరకు రాలేరని యోహాను సువార్త 6వ అధ్యాయంలో యేసు చెబుతాడు. మరోవైపు ద్వితీయోపదేశకాండం 30వ అధ్యాయంలో మోషే జీవాన్నీ మరణాన్నీ ప్రజల ముందుంచి, జీవాన్ని కోరుకోమంటాడు. మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని కోరిక అని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతుంది. కోడి తన పిల్లల్ని చేరదీసినట్టు యెరూషలేమును చేరదీయాలని తాను ఎన్నోసార్లు అనుకున్నా వాళ్లు ఒప్పుకోలేదని యేసు దుఃఖించడం మత్తయి 23వ అధ్యాయంలో ఉంది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఈ రెండూ ఒకే ఊరిలో ఎదురవుతాయి. ఫిలిప్పీలో ఊదా రంగు బట్టలమ్మే లూదియ పౌలు మాటలు వింటుండగా ప్రభువే ఆమె హృదయాన్ని తెరిచాడని రచయిత రాశాడు. అదే ఊరి చెరసాల అధికారి రక్షణ కోసం ఏం చెయ్యాలని అడిగితే, ప్రభువును నమ్మమని అతనికి జవాబు వచ్చింది. ఒక చోట దేవుడు తలుపు తీశాడు, మరో చోట మనిషి అడుగు వెయ్యాల్సి వచ్చింది. ఇద్దరి ఇళ్లవాళ్లూ వాళ్లతోపాటే బాప్తిస్మం పొందారు. ఈ చివరి సంగతి ఉత్తరాంధ్ర చరిత్రకు చాలా దగ్గరిది.

సిద్ధాంత చరిత్ర

అయిదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే బోధకుడు, దేవుని ఆజ్ఞలు పాటించే శక్తి మనిషి స్వభావంలోనే ఉందన్నాడు. హిప్పో బిషప్పు అగస్టీన్ (354–430) దాన్ని ఖండించాడు. పాపం వల్ల మనిషి చిత్తమే చెడిందని, కృప ముందుగా వచ్చి దాన్ని బాగుచేస్తేనే దేవుని వైపు తిరగగలడని ఆయన వాదం. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఆరెంజ్ సభ కృపదే మొదటి అడుగని చెబుతూనే, దేవుడు ఎవరినైనా కీడుకు నియమించాడనే మాటను తిరస్కరించింది.

పదహారో శతాబ్దంలో చర్చ మళ్లీ రాజుకుంది. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా చిత్తాన్ని సమర్థిస్తూ రాస్తే, 1525లో మార్టిన్ లూథర్ చిత్తం బంధితమని బదులిచ్చాడు. జెనీవాలో జాన్ కాల్విన్ 1536లో మొదటిసారి వెలువరించి 1559 వరకు పెంచుతూ వచ్చిన గ్రంథంలో, రక్షణ పొందేవారినీ పొందనివారినీ దేవుడే నిర్ణయించాడని బోధించాడు. కతోలికుల ట్రెంట్ మహాసభ 1547లో కృపే మొదట కదిలిస్తుందని, మనిషి చిత్తం దానికి సమ్మతించి సహకరిస్తుందని, కాదనే వీలు కూడా దానికుందని తీర్మానించింది.

నెదర్లాండ్స్‌లో యాకోబ్ అర్మీనియస్ (1560–1609) అనుచరులు 1610లో అయిదు అంశాలతో నిరసన పత్రం సమర్పించారు. ఎవరు నమ్ముతారో దేవునికి ముందే తెలుసు కాబట్టి ఆ ఎరుకను బట్టి ఎన్నిక జరుగుతుందని, క్రీస్తు అందరి కోసం చనిపోయాడని, కృపను మనిషి అడ్డుకోగలడని వారు వాదించారు. 1618–19లో డోర్ట్ సభ దీన్ని తిరస్కరించి కాల్విన్ పక్షాన్ని స్థిరపరచింది. ఇంగ్లండ్ బాప్టిస్టులు కూడా రెండుగా విడిపోయారు. క్రీస్తు అందరి కోసం చనిపోయాడన్నవారు జనరల్ బాప్టిస్టులు, ఏర్పరచబడినవారి కోసమే అన్నవారు పర్టిక్యులర్ బాప్టిస్టులు. ఈ రెండు శాఖలకూ తెలుగు నేలతో సంబంధం ఏర్పడింది.

ఈ నేలపై అంతకు ముందున్న చింతన

మిషనరీలు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ ప్రాంతం ఇలాంటి ప్రశ్నను ఎరుగును. శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం ఆలయంలో 1281 నాటి నరహరి తీర్థుల శాసనం ఉంది. మధ్వాచార్యుల శిష్యుడైన ఆయన కళింగంలో ద్వైత మతాన్ని వ్యాప్తి చేశారు. జీవుల్లో ముక్తికి యోగ్యులు, నిత్య సంసారులు, తమోయోగ్యులు అనే తారతమ్యం అనాదిగా ఉందన్నది మాధ్వ సిద్ధాంతం. భారతీయ మతాల్లో కాల్విన్ బోధకు దగ్గరగా కనిపించేది ఇదేనని పోల్చి చూసేవారున్నారు. తేడా కూడా పెద్దదే. మాధ్వంలో గతిని నిర్ణయించేది జీవుడి సహజ స్వభావం. కాల్విన్ బోధలో అది దేవుని ఉచితమైన ఎన్నిక, అందులో జీవుడి యోగ్యతకు చోటు లేదు.

శ్రీవైష్ణవంలో తెంగలై, వడగలై శాఖలు ఇదే ప్రశ్నను మార్జాల కిశోర న్యాయం, మర్కట కిశోర న్యాయం అనే పేర్లతో చర్చించాయి. పిల్లి తన కూనను నోట కరుచుకుని మోస్తుంది, కోతిపిల్ల మాత్రం తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. శరణాగతిలో భక్తుడి ప్రయత్నానికి చోటుందా లేదా అన్న ఈ వాదం విన్న సమాజానికి కృప, విశ్వాసం గురించిన మాటలు పూర్తిగా కొత్తవి కావు. కర్మ ఫలం, తలరాత అనే భావాలు కూడా ఊరూరా ఉన్నవే. కాబట్టి సువార్త బోధకుడు దేవుని ఏర్పాటు గురించి చెప్పినప్పుడు, అది తలరాత లాంటిది కాదని విడమరచి చెప్పవలసి వచ్చింది. తలరాతకు మొర వినే ముఖం లేదు. క్రైస్తవులు చెప్పే ఏర్పాటు వెనుక మొర ఆలకించే దేవుడున్నాడు.

లండన్ మిషనరీ సొసైటీ

1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజి అనే ఇద్దరిని విశాఖపట్నం పంపింది. సొసైటీలో ఎక్కువమంది కాల్విన్ బోధను ఒప్పుకునే కాంగ్రిగేషనల్ సంఘాలవారు. అయితే ఆనాటి ఇవాంజెలికల్ కాల్వినిజం చేతులు కట్టుకుని కూర్చునేది కాదు. దేవుడు తనవారిని ఎన్నుకున్నాడు, వారెవరో మనకు తెలియదు, కాబట్టి అందరికీ ప్రకటించడం మన విధి అన్నది వారి తర్కం. పర్టిక్యులర్ బాప్టిస్టుల్లో ఆండ్రూ ఫుల్లర్ 1785లో దీన్నే గ్రంథంగా రాశాడు. ఆయన మిత్రుడు విలియం కేరీ ఈ నమ్మకంతోనే బెంగాల్ చేరాడు.

క్రాన్ 1809లో, డిగ్రాంజి 1810లో చనిపోయారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో డిగ్రాంజి సిద్ధం చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ తర్వాత చికాకోల్ (శ్రీకాకుళం), విజయనగరం కూడా ఈ సొసైటీ కేంద్రాలయ్యాయి. వచ్చిన కొత్తలో వీరికి దొరికిన ఫలం చాలా తక్కువ. ఫలితం దేవుని చేతిలో ఉందన్న నమ్మకమే లేకపోతే ఆ పని ఆనాడే ఆగిపోయేది.

కటకం జనరల్ బాప్టిస్టులు, పురుషోత్తమ చౌదరి

ఉత్తరాన కటకంలో 1822లో వేరే సంప్రదాయం పని మొదలుపెట్టింది. 1770లో డాన్ టేలర్ నాయకత్వంలో పునరుద్ధరణ పొందిన జనరల్ బాప్టిస్టుల మిషను అది. క్రీస్తు మరణం ప్రతి మనిషి కోసమన్నది వారి గుర్తింపు. ఆ మిషనుకు చెందిన అమోస్ సట్టన్ 1830ల్లో అమెరికా వెళ్లి అక్కడి సంఘాలను కదిలించాడు. దాని ఫలితంగా ఫ్రీ విల్ బాప్టిస్టులు ఒడిశాకు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి కోసం శామ్యూల్ డేను పంపారు. డే 1836లో విశాఖపట్నం చేరి, చికాకోల్ ప్రాంతంలోనూ కొంతకాలం గడిపి, తర్వాత మద్రాసు మీదుగా నెల్లూరు వెళ్లి 1840లో అక్కడ స్థిరపడ్డాడు.

ఈ ప్రాంత క్రైస్తవ చరిత్రలో కేంద్ర వ్యక్తి పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో తెలుగు, ఒడియా కలగలిసిన చోట బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. క్రైస్తవ కరపత్రాలు చదివి, విశాఖపట్నం మిషను వర్గాలతో పరిచయమయ్యాక, 1833లో కటకం వెళ్లి బాప్తిస్మం తీసుకున్నారు. అంటే కాల్విన్ సంప్రదాయపు మిషను దగ్గర మాట విని, సర్వజన ప్రాయశ్చిత్తాన్ని నమ్మే జనరల్ బాప్టిస్టుల చేతుల మీదుగా ఆయన బాప్తిస్మం పొందారు. ఒకే మనిషి జీవితంలో రెండు పాయలు కలిశాయి.

ఆయన సుమారు 130 కీర్తనలు రాశారు. ‘నిస్తార రత్నాకరము’ వంటి కావ్య రచనలూ చేశారు. ఆయన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలోకి చేరి, శాఖాభేదం లేకుండా తెలుగు సంఘాలన్నిటిలో పాడుకునేవయ్యాయి. వాటిలో ప్రధానంగా వినిపించేది శరణు వేడే పాపి గొంతు. తనకు యోగ్యత లేదని ఒప్పుకుని, క్రీస్తు దయ ఒక్కటే దిక్కని మొరపెట్టుకోవడం వాటి తీరు. అంతటి నిస్సహాయతను ఒప్పుకునే మనిషే రక్షకుణ్ణి తన నోటితో పిలుస్తున్నాడు, రమ్మని బతిమాలుతున్నాడు. కర్ణాటక రాగతాళాల్లో, పదకవుల బాణీలో సాగే ఈ మొర ఏర్పాటునూ స్వేచ్ఛనూ విడదీయదు. తెలుగు క్రైస్తవుడు మొదటిసారి ఈ సిద్ధాంతాన్ని నేర్చుకున్నది ఉపదేశ పాఠంలో కాదు, ఈ పాటల్లోనే.

కెనడియన్ బాప్టిస్టులు

కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాల బాప్టిస్టు సంఘాలు 1873లో ఏడుగురు మిషనరీలను కరెన్ జాతివారి కోసం సయాం వైపు పంపాయి. అక్కడ పని కుదరక 1875లో వారు తెలుగు దేశానికి మళ్లారు. భీమునిపట్నం, చికాకోల్, బొబ్బిలి, ఆ తర్వాత విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట వారి కేంద్రాలయ్యాయి. బొబ్బిలిలో జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు దశాబ్దాల పాటు ఉన్నారు. లండన్ సొసైటీ ఈ ప్రాంతంలో తన పనిని క్రమంగా వీరికి అప్పగించింది.

వీరి స్వదేశంలోనే ఈ చర్చ రగిలింది. నోవా స్కోషియాలో 1770ల్లో పునరుజ్జీవం తెచ్చిన హెన్రీ ఆలైన్ (1748–1784) కాల్విన్ బోధను తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆ పునరుజ్జీవం నుంచి పుట్టిన సంఘాల్లో చాలావరకు తర్వాత కాల్విన్ వైపు మొగ్గిన రెగ్యులర్ బాప్టిస్టులయ్యాయి. స్వేచ్ఛా చిత్తాన్ని పట్టుకున్నవి ఫ్రీ బాప్టిస్టులుగా మిగిలాయి. 1905–06లో ఈ రెండు శాఖలూ మళ్లీ ఒక్కటయ్యాయి. అప్పటి నుంచి బొబ్బిలికి, శ్రీకాకుళానికి వచ్చిన మిషనరీల వెనుక రెండు సంప్రదాయాల సంఘాలూ నిలిచాయి. 1912లో కెనడా బాప్టిస్టుల విదేశీ మిషను బోర్డులు కూడా ఏకమయ్యాయి.

ఆ కలయికకు తగ్గట్టే ఇక్కడి బాప్టిస్టు బోధలో వాదం తగ్గి పిలుపు పెరిగింది. దేవుని ఎన్నికను కాదనకుండానే ప్రతి ఒక్కరినీ మారుమనస్సుకు పిలవడం, నమ్మి ఒప్పుకున్నవారికే నీళ్లలో ముంచి బాప్తిస్మమివ్వడం వారి పద్ధతి. బడులు, ఆసుపత్రులు కూడా ఈ పిలుపులో భాగమే. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో నేత్ర వైద్యుడు బెన్ గులిసన్ చేసిన సేవ నుంచి 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అనే అంతర్జాతీయ సంస్థ పుట్టింది.

లూథరన్లు, కతోలికులు

జర్మనీ ఉత్తర కొనలోని బ్రెక్లుం నుంచి బోత్‌మన్, పోల్ అనే మిషనరీలు 1882లో జయపురం సంస్థానానికి వచ్చారు. సాలూరు, పార్వతీపురం వారి తెలుగు కేంద్రాలు. లూథరన్ల 1577 నాటి ఒప్పుకోలు పత్రం ప్రకారం రక్షణకు ఎన్నిక పూర్తిగా దేవుని కృప, నాశనానికి మాత్రం మనిషే బాధ్యుడు. దేవుడు ఎవరినీ నాశనానికి నియమించలేదు. ఈ రెండు మాటల్ని తర్కంతో అతికించబోకుండా రెండింటినీ పట్టుకోమంటుంది. శిశువులకు బాప్తిస్మమివ్వడం దీనికి సరిపోతుంది. బిడ్డకు ఊహ తెలియక ముందే కృప చేరిందని అక్కడ సంఘమంతా ఒప్పుకుంటుంది.

కతోలిక శాఖ కథ మరీ ఆసక్తికరం. 1846లో విశాఖపట్నం చేరిన మిషనరీలు సవాయ్‌లోని ఆనెసీ నుంచి వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు. ఈ ఫ్రాన్సిస్ (1567–1622) పారిస్‌లో విద్యార్థిగా ఉండగా, 1586 చివర్లో, తాను నాశనానికే నియమితుణ్ణని భయపడి వారాల తరబడి తిండీ నిద్రా లేక కుంగిపోయాడు. చివరకు ఒక గుడిలో మరియమ్మ విగ్రహం ముందు ప్రార్థించి, తన గతి ఏదైనా ఈ జన్మలో దేవుణ్ణి ప్రేమించే తీరతానని మొక్కుకున్నాక ఆ భయం వదిలింది. తర్వాత ఆయన జెనీవాకు బిషప్పయ్యాడు. ఆ నగరం కాల్విన్ అనుచరుల చేతిలో ఉండటంతో ఆనెసీలోనే ఉండాల్సి వచ్చింది. దేవుని ప్రేమ అందరినీ పిలుస్తుందని, మనిషి స్వేచ్ఛగా బదులిస్తాడని జీవితాంతం బోధించాడు. జెనీవా, ఆనెసీ అక్కడ పక్కపక్క ఊళ్లు. వాటి వారసత్వాలు ఇక్కడా పక్కపక్కనే పెరిగాయి. 1993లో శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. కతోలికులు కృపను వరప్రసాదమని, బాప్తిస్మాన్ని జ్ఞానస్నానమని అంటారు.

ఆచరణలో సిద్ధాంతం

బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం కోరినవారిని ముందు పాస్టరు, సంఘ పెద్దలు ప్రశ్నిస్తారు. ఎప్పుడు నమ్ముకున్నావు, పాపాలు ఒప్పుకున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని అడుగుతారు. స్వేచ్ఛ లేని ఒప్పుకోలు చెల్లదన్నది ఈ పరీక్ష వెనుకున్న నమ్మకం. ఏటి రేవులోనో, చెరువులోనో, గుడి ఆవరణలోని తొట్టెలోనో నడుము లోతు నీళ్లలో నిలబడి, అందరూ వింటుండగా ఆ మనిషి అవునని చెప్పాలి. ఇంత వరకు అంతా మనిషి నిర్ణయమే.

అదే మనిషి ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు మాట తీరు మారుతుంది. జబ్బు పడ్డప్పుడు ఎవరో ప్రార్థన చెయ్యడం, పక్కింటి ఆమె కూటానికి పిలవడం, తాగుడు మానడం వంటివి వరుసగా చెప్పి, నా గొప్ప ఏమీ లేదు, దేవుడే నన్ను వెతికి పట్టుకున్నాడని ముగిస్తారు. ముందుకు చూస్తున్నప్పుడు తన నిర్ణయంగా కనిపించింది, వెనక్కి తిరిగి చూసేసరికి దేవుని ఏర్పాటుగా తెలుస్తుంది. శతాబ్దాల పండిత చర్చ తేల్చలేని ముడిని ఈ సాక్ష్యాలు ఇంత సరళంగా పట్టుకున్నాయి. ఈ ప్రాంతం క్రైస్తవ చింతనకు ఇచ్చిన విలువైన కానుక ఇదే.

వ్యక్తి నిర్ణయమా, ఊరి నిర్ణయమా

పడమటి చర్చంతా ఒంటరి మనిషి చిత్తం చుట్టూ తిరిగింది. తెలుగు నేలపై క్రైస్తవం ఎక్కువగా కుటుంబాలుగా, పేటలుగా వచ్చింది. ఇలాంటి సామూహిక ఉద్యమాలను వాస్కం పికెట్ 1933లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించి, గుంపుగా తీసుకున్న నిర్ణయం కూడా నిజమైన విశ్వాసానికి దారితీయగలదని వాదించాడు. లూదియ ఇల్లు, చెరసాల అధికారి ఇల్లు ఇందుకు లేఖన ఉదాహరణలు.

పర్లాకిమిడి నుంచి కెనడియన్ బాప్టిస్టులు సవర గిరిజనుల మధ్యకూ వెళ్లారు. ఒడిశా వైపు సవర పల్లెల్లో 1975 నుంచి పరిశోధించిన మానవ శాస్త్రవేత్త పియర్స్ విటెబ్స్కీ, చనిపోయినవారితో మాట్లాడే పాత ఆచారం తగ్గి కొత్త తరం బాప్టిస్టులైన తీరును 2017 నాటి పుస్తకంలో వివరించాడు. అక్కడ నిర్ణయం ఒక్కొక్కరిదీ కాదు, పూర్తిగా ఊరిదీ కాదు. తరం మారడమే నిర్ణయమైంది.

నిర్ణయానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. 1950 రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బి.సి.–సి వర్గంలోకి వస్తారు. పేదవాడి స్వేచ్ఛా చిత్తం గురించి మాట్లాడేవారు ఈ భారాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నేటి స్థితి

స్వాతంత్ర్య కాలంలో కెనడియన్ మిషను సంఘాలు కాకినాడ కేంద్రంగా కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్ట్ చర్చెస్ ఆఫ్ నార్తర్న్ సర్కార్స్ (సి.బి.సి.ఎన్.సి.) పేరుతో స్వతంత్ర సమాఖ్యగా నిలిచాయి. తర్వాతి దశాబ్దాల్లో పెంతెకోస్తు, బ్రదరెన్, బైబిలు మిషను, స్వతంత్ర సంఘాలు విస్తరించాయి. వీటిలో చర్చ ఎక్కువగా ‘రక్షణ పోతుందా, పోదా’ అన్న రూపంలో వినిపిస్తుంది. విశ్వాసంలో జారిపోయినవాడు మొదటే ఏర్పరచబడలేదా, లేక చేజేతులా పోగొట్టుకున్నాడా అని అడుగుతారు. ఇటీవల యూట్యూబ్ ప్రసంగాలతో కాల్విన్, అర్మీనియస్ పేర్లు పల్లె యువతకూ పరిచయమవుతున్నాయి. ప్రపంచ స్థాయిలో పాత గోడలు కొంత తగ్గాయి. రక్షణకు కృపే మూలమని లూథరన్లు, కతోలికులు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశారు. మెథడిస్టులు 2006లో, సంస్కరణ సంఘాల ప్రపంచ సమాఖ్య 2017లో దానితో ఏకీభవించాయి.

సిద్ధాంతం తెలుసుకోవడం మంచిదే, దాని పేరుతో సంఘాలు చీలడం మంచిది కాదు. ఉత్తరాంధ్ర క్రైస్తవులకు ఇందులో తమ సొంత పెద్దరికం ఉంది. పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు, వృద్ధుల సాక్ష్యాలు సేకరించి భద్రపరిస్తే, దేవుని ఏర్పాటు గురించి తెలుగువారు తమ జీవితాల్లోంచి ఏం చెప్పారో వేదాంత కళాశాలలకు తెలుస్తుంది. డోర్ట్, ట్రెంట్ తీర్మానాలతో పాటు పాఠంగా చెప్పదగిన సామగ్రి అది. దాన్ని పోగొట్టుకోకుండా కాపాడటం ఈ తరం బాధ్యత.